ఎక్సరేలోని ప్రతి నీడా క్షయ కాదు

ఊపిరితిత్తులలోని సాధు శోషరస వ్యాధులు – వాటిని గుర్తించే క్రమం

"నెమ్ము పట్టింది" అన్న మాట మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. జలుబు ముదిరి ఛాతీ బరువెక్కినా నెమ్మే, పసిబిడ్డకు న్యుమోనియా వచ్చినా నెమ్మే, ఎక్సరేలో తెల్లని మచ్చ కనిపించినా నెమ్మే. ఆ మచ్చ నెల దాటినా కరగకపోతే ఇంటిల్లిపాదికీ రెండే ఆలోచనలు కలుగుతాయి. మొదటిది క్షయ, రెండవది క్యాన్సరు. మొదటిదైతే ఆరు నెలల మాత్రలు, రెండవదైతే ఇక ఆశ లేదన్న దిగులు.

ఈ రెండింటికీ చెందని మూడవ వర్గం ఒకటి ఉన్నది. అవి శరీర రక్షణకై ఉన్న శోషరస కణాలే ఊపిరితిత్తులలో మితిమీరి చేరడం వలన కలిగే వ్యాధులు. వీటిలో అధిక భాగం సాధు స్వభావం కలవి, అనగా క్యాన్సరు వలె శరీరాన్ని ఆక్రమించనివి. ఇవి అరుదైనవి. కాని అరుదైన వ్యాధిని సామాన్య వ్యాధిగా భ్రమించి నెలల తరబడి మందులు వాడేవారు మాత్రం అరుదు కారు. కనుక ఈ వ్యాధులు ఏవో, వాటిని ఎట్లా గుర్తిస్తారో, అందులో ఇంటివారు చేయగలిగినదేమో ఈ వ్యాసంలో వివరిస్తాను.

శోషరసం అంటే ఏమిటి?

గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ క్రింద, కాలికి పుండు పడినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టడం మనకందరికీ తెలిసినదే. ఆ బిళ్ళలే శోషరస గ్రంథులు. రక్తనాళాల నుండి ధాతువులలోకి ఊరిన ద్రవం తిరిగి సన్నని నాళాల ద్వారా ప్రవహించి, ఈ గ్రంథులలో వడపోయబడి, మరల రక్తంలో కలుస్తుంది. దానినే శోషరసం అంటారు. మానవ దేహంలో ఇటువంటి గ్రంథులు సుమారు 600 ఉంటాయి. మన శాస్త్రంలో రసధాతువు, రసవహ స్రోతస్సు అని చెప్పిన భావనకు ఇది కొంత దగ్గరగా ఉంటుంది గాని, రెండూ ఒకటే అనడం సరి కాదు.

ఛాతీలో ఈ గ్రంథులు శ్వాసనాళం చుట్టూ, ఊపిరితిత్తుల మూలాల వద్ద గుత్తులుగా ఉంటాయి. ఇవి గాక శ్వాసనాళికల గోడలలో కూడ శోషరస కణజాలం అంటుకొని ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు గమనించారు. 1973లో బీనెన్‌స్టాక్ అనే పరిశోధకుడు దానికి ప్రత్యేకమైన పేరు పెట్టాడు. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఇది చాల స్వల్పం. పొగ, మాటిమాటికీ వచ్చే అంటురోగాలు, శరీరం తనపై తానే తిరగబడే కీళ్ళవాతం వంటి వ్యాధులు దీనిని ప్రేరేపిస్తాయి. అప్పుడు రక్షణ కణాలు ఒకచోట గుమిగూడి గడ్డగానో, అంతటా పరచుకొని పొరగానో ఏర్పడతాయి. ఎక్సరేలో అది నీడగా కనిపిస్తుంది.

పొగా? మంచా?

గురుకులంలో తర్కం చెప్పేటప్పుడు అనుమాన ప్రమాణానికి మొదటి ఉదాహరణ కొండమీది పొగ. పొగ కనిపించింది కనుక అక్కడ నిప్పు ఉన్నదని ఊహించడం అనుమానం. కాని మార్గశిర మాసపు ఉదయాన శేషాచలం కొండలను చూడండి. కొండ మీద తెల్లగా లేచేది పొగ కాదు, మంచు. దూరం నుండి చూచే కంటికి రెండూ ఒకే విధంగా ఉంటాయి. దగ్గరకు వెళ్ళి చూచినవాడికే నిజం తెలుస్తుంది. అది ప్రత్యక్ష ప్రమాణం.

ఎక్సరే అనుమానం. ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూడడం ప్రత్యక్షం. ఈ భేదాన్ని మన ఆచార్యులు చక్కగా ఎరుగుదురు. ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం – ఈ మూడింటితో రోగాన్ని పరీక్షించాలని చరక సంహిత విమానస్థానం చెబుతున్నది. సుశ్రుతుడు నిదానస్థానంలో ఒకే అధ్యాయంలో గ్రంథినీ, అపచినీ, అర్బుదాన్నీ వేరువేరుగా వర్ణించాడు. పైకి గడ్డలుగా కనిపించేవన్నీ ఒకటి కావని ఆయనకు స్పష్టంగా తెలుసు. అయితే ఊపిరితిత్తి లోపల దాగిన గడ్డను చూచే సాధనం ఆ కాలంలో లేదు. 1895లో రాంట్‌జన్ ఎక్సరేలను కనుగొన్న తరువాతనే ఆ నీడ మానవుని కంటబడింది. కనుక ఈ వ్యాధులన్నీ మన గ్రంథాలలో పేరుపేరునా ఉన్నాయని చెప్పేవారి మాట నమ్మవలసిన పని లేదు.

వ్యాధి పేరు తెలియనంత మాత్రాన వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని, సకల వికారాలకూ స్థిరమైన పేర్లు ఉండవని చరకుడు చెప్పిన మాట నిజమే. దానిని సాకుగా తీసుకొని పరీక్ష లేకుండా కషాయాలు పోసేవారు ఉన్నారు. అదే చరకుడు ముందు రోగాన్ని పరీక్షించి, పిదప ఔషధాన్ని ఆలోచించి, ఆ తరువాతనే చికిత్సకు పూనుకోవాలని శాసించాడు. ఈ రెండవ మాటను మరచి మొదటి మాటను మాత్రమే పట్టుకొనడం శాస్త్రం కాదు.

మదనపల్లె నేర్పిన పాఠం

ఎక్సరే నీడ మనిషిని ఎంతగా మోసగించగలదో ప్రపంచానికి తెలియజెప్పిన చోట్లలో మన అవిభక్త చిత్తూరు జిల్లా ఒకటి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం మిషనరీ సంఘాలు కలిసి ఒక శానటోరియం నెలకొల్పాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానిని తీర్చిదిద్దారు. పొడి గాలి, ఎత్తైన నేల, విశ్రాంతి – ఇవే ఆనాటి క్షయ చికిత్స. దక్షిణాది నలుమూలల నుండి రోగులు అక్కడికి వచ్చేవారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదలయిన చోట్లలో కూడ మదనపల్లె ఉన్నది.

అక్కడ చేరిన కొందరి విషయంలో వైద్యులకు సందేహం కలిగింది. దగ్గు, ఆయాసం, జ్వరం, బరువు తగ్గడం – అన్నీ క్షయ లక్షణాలే. ఎక్సరేలో ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్లు చుక్కలు. కాని తెమడలో క్షయ క్రిములు లేవు. రక్తంలో మాత్రం ఇసినోఫిల్ అనే తెల్లకణాలు అసాధారణంగా పెరిగి ఉన్నాయి. ఇది క్షయ కాదు, క్షయను పోలిన వేరొక వ్యాధి అని ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అనే ఇద్దరు వైద్యులు 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు.

పేరు దొరికింది గాని కారణం దొరకలేదు. అది దొరకడానికి ముక్క పరీక్ష కావలసి వచ్చింది. చిత్తూరుకు కూతవేటు దూరంలోని రాయవెల్లూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు ఇటువంటి రోగుల ఊపిరితిత్తి, కాలేయం, శోషరస గ్రంథుల నుండి తీసిన ముక్కలను పరీక్షించారు. వాటిలో బోదకాలు కలిగించే జాతి పురుగుల పిల్లలు కనిపించాయి. 1960లో వారు దీనిని లాన్సెట్‌లో ప్రచురించారు. శోషరస నాళాలలో నివసించే పురుగుల సంతానం ఊపిరితిత్తులలో చిక్కుకొనడం, దానిపై శరీరం తీవ్రంగా తిరగబడడం – ఇదీ అసలు కథ. నేడు డైఇథైల్ కార్బమజీన్ అనే మాత్రను సుమారు మూడు వారాలు వాడితే చాలమంది తేరుకొంటారు. ఆ కారణం తెలియని రోజులలో ఇదే రోగి క్షయ రోగిగా ముద్రపడి శానటోరియంలో పడుకొని ఉండేవాడు.

మదనపల్లెలో కలిగిన సందేహానికి రాయవెల్లూరులో సమాధానం దొరకడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. నేటి రోగికి అంతకాలం ఆగవలసిన పని లేదు. కాని ఆ సందేహం కలగడం మాత్రం నేటికీ అవసరమే.

సాధు శోషరస వ్యాధులు ఏవి?

మనం చెప్పుకొనదలచిన అసలు వ్యాధుల వద్దకు వద్దాం. 1983లో అమెరికా దేశపు వైద్యులు క్రాడిన్, మార్క్ ఇటువంటి వ్యాధులను ఒకచోట చేర్చి, వాటి పుట్టుకను వివరించే ప్రయత్నం చేశారు. వాటిలో ముఖ్యమైనవి, వాటికి దగ్గరివి ఇవి.

1. ఊపిరితిత్తి లోపలి శోషరస గ్రంథి: ఇది వ్యాధి కూడ కాదు. చేతికి పుట్టుమచ్చ ఉన్నట్లు ఊపిరితిత్తి అంచున, పై పొరకు దగ్గరగా, చిన్న గ్రంథి ఒకటి ఉండడం. సాధారణంగా సెంటీమీటరు లోపే ఉంటుంది. వేరే కారణానికి సి.టి. స్కాన్ తీయించుకొన్నప్పుడు బయటపడి ఇంటిల్లిపాదినీ కలవరపెడుతుంది. ఆకారాన్ని, స్థానాన్ని బట్టి అనుభవజ్ఞుడైన రేడియాలజిస్టు దీనిని చాలవరకు గుర్తించగలడు.

2. గడ్డ రూపపు శోషరస వృద్ధి: రక్షణ కణాలు ఒకచోట చేరి గడ్డగా ఏర్పడడం. ఎక్కువ మందిలో ఏ బాధా ఉండదు. శస్త్రచికిత్సతో గడ్డను తొలగిస్తే సాధారణంగా తిరిగి రాదు.

3. శ్వాసనాళికల చుట్టూ కణుపులు కట్టడం: సన్నని శ్వాసనాళికల వెంట శోషరస కణుపులు ఏర్పడి దారిని ఇరుకు చేస్తాయి. కీళ్ళవాతం ఉన్నవారిలో, పుట్టుకతో రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారిలో ఎక్కువ. దగ్గు, నడిస్తే ఆయాసం దీని లక్షణాలు. ఉబ్బసమని పొరబడే అవకాశం ఉన్నది.

4. లింఫోసైటిక్ ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా: పేరులో న్యుమోనియా ఉన్నా ఇది క్రిముల వలన వచ్చే న్యుమోనియా కాదు. గాలి గదుల మధ్య గోడలలో లింఫోసైట్ కణాలు పరచుకొంటాయి. 1960ల దశకంలో లీబో, కారింగ్టన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని వేరుగా గుర్తించారు. నడివయసు స్త్రీలలో ఎక్కువ. నోరు, కళ్ళు ఎండిపోయే షోగ్రెన్ వ్యాధితో కలిసి తరచుగా వస్తుంది. హెచ్.ఐ.వి. సోకిన పిల్లలలోనూ కనిపిస్తుంది.

5. క్యాసిల్‌మన్ వ్యాధి: బోస్టన్ నగరపు పాథాలజిస్టు బెంజమిన్ క్యాసిల్‌మన్ 1956లో 13 మంది రోగుల వివరాలతో దీనిని వర్ణించాడు. ఛాతీ మధ్యభాగంలో శోషరస గ్రంథి బాగా పెద్దదవుతుంది. ఒకే చోట ఉంటే శస్త్రచికిత్సతో నయమవుతుంది. జ్వరం, బరువు తగ్గడం, అనేక చోట్ల బిళ్ళలు ఉన్న రెండవ రకం వేరు. దానిని సాధువు అని ఉపేక్షించరాదు. అది తీవ్రమైన చికిత్స అవసరమైన వ్యాధి.

వీటికి పొరుగున మరి రెండు ఉన్నాయి. సార్కాయిడోసిస్ అనే వ్యాధిలో ఊపిరితిత్తుల మూలాల వద్ద రెండు ప్రక్కలా గ్రంథులు సమానంగా పెరుగుతాయి. దీనిని క్షయగా భ్రమించడం మన దేశంలో తరచుగా జరిగేదే. రెండవది సిలికోసిస్. మన జిల్లాలో గ్రానైటు క్వారీలలో, రాళ్ళు కోసే మిల్లులలో పని చేసేవారి ఊపిరితిత్తులలో రాతి దుమ్ము చేరి, ఛాతీ గ్రంథులు పెరిగి, వాటి అంచున కోడిగ్రుడ్డు పెంకు వలె సున్నం పేరుకొనవచ్చు. అటువంటివారికి క్షయ కూడ సులభంగా సోకుతుంది. కనుక "ఇది దుమ్ము రోగమే" అని తెమడ పరీక్ష మానుకొనరాదు.

నోటి పొడి చెప్పిన నిజం

లక్షణాలను కలిపి చూడడం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ. కొన్నేళ్ళ క్రితం యాభై ఏళ్ళ గృహిణి ఒకామె మా వైద్యశాలకు వచ్చారు. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఎక్సరేలో నీడ చూచి ఒకచోట క్షయ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు క్రమం తప్పక వాడారు. దగ్గు తగ్గలేదు. తెమడలో క్షయ క్రిమి ఉన్నట్లు ఏ కాగితంలోనూ లేదు. "ఇంగ్లీషు మందులు పడలేదు సామీ, కషాయం ఇవ్వండి" అని అడిగారు.

"అమ్మా, అన్నం తినేటప్పుడు నడుమ నడుమ నీళ్ళు తాగవలసి వస్తుందా?" అని అడిగాను. "నీళ్ళు లేకుండా ముద్ద దిగదు సామీ. రాత్రిళ్ళు లేచి తాగుతుంటాను. కళ్ళలో ఇసుక పోసినట్లు ఉంటుంది. అది వయసు వల్ల అనుకున్నాను" అన్నారు. చెవుల ముందు లాలాజల గ్రంథులు రెండు ప్రక్కలా కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. మూడేళ్ళుగా ఉన్న ఈ బాధను దగ్గుతో కలిపి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కషాయం ఇవ్వలేదు. శ్వాసకోశ నిపుణుని వద్దకు ఉత్తరం వ్రాసి పంపాను. స్కాన్‌లో ఊపిరితిత్తులలో పలుచని గోడల తిత్తులు కనిపించాయి. రక్తంలో షోగ్రెన్ వ్యాధికి చెందిన ప్రతిరక్షకాలు దొరికాయి. ముక్క పరీక్షలో లింఫోసైటిక్ న్యుమోనియా అని తేలింది. నిపుణుల పర్యవేక్షణలో స్టెరాయిడ్ మందులు మొదలుపెట్టి క్రమంగా తగ్గించారు. ఆయాసం పూర్తిగా పోలేదు గాని, ఇంటి పనులు తానే చేసుకొనే స్థితికి వచ్చారు. నేటికీ క్రమం తప్పక పరీక్షకు వెళుతున్నారు.

నిర్ధారణ క్రమం

మొదటి మెట్టు ప్రశ్న. దగ్గు ఎన్నాళ్ళ నుండి, సాయంకాలం జ్వరం వస్తుందా, బరువు తగ్గిందా, రాత్రి చెమటలు పోస్తాయా, కీళ్ళ నొప్పులు, నోటి పొడి ఉన్నాయా, ఏ పని చేస్తారు, ఇంట్లో పావురాలు ఉన్నాయా, పొగ తాగుతారా – ఈ ప్రశ్నలకు సమాధానాలను ముందే ఒక కాగితంపై వ్రాసి తీసుకొని వెళ్ళండి. ప్రశ్న, స్పర్శన, దర్శనాలతో రోగిని పరీక్షించాలన్న మన శాస్త్ర నియమం ఏ వైద్య విధానానికైనా వర్తిస్తుంది.

రెండవ మెట్టు తెమడ పరీక్ష. మన దేశంలో క్షయ నేటికీ అత్యధికం కనుక ముందుగా దానినే వెదకాలి. సీబీనాట్ అనే యంత్ర పరీక్ష కొన్ని గంటలలోనే క్షయ క్రిమిని, రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందో లేదో కూడ చెబుతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఈ పరీక్షా, మందులూ ఉచితం. క్షయ అని తేలితే మందులను ఒక్క రోజు కూడ మానరాదు. ఈ వ్యాసం చదివి "నాది క్షయ కాకపోవచ్చు" అని ఎవరూ మాత్రలు ఆపరాదని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

మూడవ మెట్టు రక్త పరీక్షలు. ఇసినోఫిల్ కణాల సంఖ్య, హెచ్.ఐ.వి., కీళ్ళవాతానికీ షోగ్రెన్ వ్యాధికీ చెందిన ప్రతిరక్షకాలు, ఇమ్యునోగ్లోబులిన్‌ల పరిమాణం. ట్రాపికల్ ఇసినోఫీలియాలో ఆ కణాలు సాధారణంగా ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో 3000కు మించి ఉంటాయి.

నాల్గవ మెట్టు సి.టి. స్కాన్. గడ్డ ఒకటా, అనేకమా. అంచు నునుపా, ముళ్ళ వలెనా. తిత్తులు ఉన్నాయా అన్నది ఇది చూపుతుంది. పాత ఎక్సరేలు ఉంటే అవి బంగారంతో సమానం. ఐదేళ్ళ క్రితపు ఫిల్ములో అదే మచ్చ అదే పరిమాణంలో ఉంటే సగం భయం అక్కడే తీరుతుంది. ఫిల్ములను బీరువాలో భద్రపరచండి. పొగ అలవాటు లేనివారిలో 6 మిల్లీమీటర్ల కంటె చిన్నదైన ఒంటరి గడ్డకు చాల సందర్భాలలో తిరిగి స్కాన్ కూడ అవసరం లేదని నేటి నిపుణుల అభిప్రాయం.

ఐదవ మెట్టు ముక్క పరీక్ష. బ్రాంకోస్కోప్ గొట్టం ద్వారా, లేదా స్కాన్ చూస్తూ సూది ద్వారా, లేదా ఛాతీకి చిన్న రంధ్రాలు చేసి కెమెరా సహాయంతో ముక్క తీస్తారు. శోషరస వ్యాధులలో సూది మొనకు అంటిన నాలుగు కణాలు చాలవు. కణాలు ఎట్లా అమరి ఉన్నాయో తెలియాలి. కనుక మొదటి ముక్క చాలలేదని వైద్యుడు పెద్ద ముక్క అడిగితే డబ్బు కోసం అడుగుతున్నాడని అనుకొనరాదు.

ముక్క ఏమి చెబుతుంది?

సాధు వృద్ధికీ శోషరస క్యాన్సరుకూ భేదం సూక్ష్మమైనది. 1963లో సాల్ట్‌స్టీన్ అనే వైద్యుడు క్యాన్సరును పోలిన సాధు గడ్డలకు మిథ్యా లింఫోమా అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. తరువాతి కాలంలో కొత్త పరీక్షలు వచ్చాక, ఆ పేరుతో పిలిచిన వాటిలో అనేకం మెల్లగా పెరిగే నిజమైన లింఫోమాలని తేలింది. కనుకనే నేడు కంటి చూపుతో ఆగక, కణాల వంశాన్ని కూడ పరీక్షిస్తారు.

దీనిని ఇట్లా అర్థం చేసుకొనవచ్చు. తిరుపతి గంగమ్మ జాతరకు నూరు ఊళ్ళ జనం వస్తారు. గుంపు ఎంత పెద్దదైనా అందులో అందరూ వేరువేరు ఇళ్ళవారు. జాతర ముగిస్తే చెదరిపోతారు. సాధు వృద్ధిలోని కణాలు అటువంటివి. అట్లా కాక గుంపులోని వారంతా ఒకే తండ్రి సంతానమై, ఊరినంతా ఆక్రమించుకొంటూ పోతే అది దుష్ట వృద్ధి. ప్రత్యేకమైన రంగులద్దే పరీక్షలతో, జన్యు పరీక్షతో ఈ సంగతి తేలుస్తారు. ఫలితం రావడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు.

ముక్క తీసే ముందు ఇంటివారు మూడు విషయాలు అడగండి. మొదటిది, ముక్కలో కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో వేయక, క్షయ క్రిమి పరీక్షకు సెలైన్‌లో పంపుతున్నారా? ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో క్రిములను పెంచి చూడడం సాధ్యం కాదు. రెండవది, కణ వంశ పరీక్షకు ముక్క సరిపోతుందా? మూడవది, గాజు పలకలను, మైనపు దిమ్మెను మాకు ఇస్తారా? రెండవ నిపుణుని అభిప్రాయం కోసం ఇవి అవసరం కావచ్చు.

"ముక్క తీస్తే గడ్డ పాకుతుంది" అన్న భయం మన ఇళ్ళలో బలంగా నాటుకొని ఉన్నది. ఈ భయంతో కాలయాపన చేసి జరిగే నష్టమే ఎక్కువ. ముక్క పరీక్షలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కొంత రక్తస్రావం వంటి ఇబ్బందులు ఉండవచ్చు. అందుకే అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో చేయించుకొనాలి. తిరుపతిలోని రుయా, స్విమ్స్, రాయవెల్లూరులోని సి.ఎం.సి. వంటి బోధనాసుపత్రులు మనకు అందుబాటులోనే ఉన్నాయి.

మరొక హెచ్చరిక. ముక్క తీయకముందే స్టెరాయిడ్ మాత్రలు వాడరాదు. అవి శోషరస కణాలను తాత్కాలికంగా కరిగించి నిజాన్ని కప్పివేస్తాయి. క్షయ ఉంటే దానిని రగిలిస్తాయి. ఆయాసానికి వెంటనే గుణమిచ్చే పేరు లేని పొడులలో స్టెరాయిడ్లు కలిపి అమ్మేవారు ఉన్నారు. "ఆయుర్వేదం" అన్న ముద్ర చూచి మోసపోకండి.

ఇంటి వైద్యం – దాని హద్దులు

శోషరస గడ్డను కరిగించే ఇంటి మందు ఏదీ లేదు. దగ్గును ఉపశమింపజేసి, నిద్రనూ ఆకలినీ నిలపడం వరకే గృహవైద్యం పని. ఆ పని కూడ చిన్నది కాదు.

సితోపలాది చూర్ణం: పటికబెల్లం 16 భాగాలు, వంశలోచనం 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1 భాగం. మెత్తగా దంచి, వస్త్రగాలితం పట్టి, పూటకు 2 గ్రాముల చొప్పున రెండు పూటలా తేనెతో తీసుకొంటే పొడి దగ్గు శమిస్తుంది. ఇందులో సగానికి పైగా చక్కెరే కనుక మధుమేహం ఉన్నవారు వాడరాదు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వరాదు.

అడ్డసరం: ఆకుల కషాయం కఫాన్ని పలుచబరుస్తుంది. గర్భిణులు తీసుకొనరాదు.

నోటి పొడికి: గుక్కెడు గుక్కెడుగా నీరు తరచుగా తాగడం, పుల్లని ఉసిరి ముక్క కొద్దిసేపు బుగ్గన ఉంచుకొనడం, పెదవులకు నెయ్యి పూయడం మంచివి. తాంబూలంలో పొగాకు పూర్తిగా మానాలి.

ఆహారం: పాత బియ్యపు అన్నం, పెసరకట్టు, మిరియాల చారు, రాగి జావ, కాలపు కూరలు. బరువు తగ్గుతున్నవారికి పత్యం పేరుతో పాలు, పప్పు, గ్రుడ్డు మాన్పించడం తగదు.

చేయరాని పనులు కొన్ని ఉన్నాయి. స్టెరాయిడ్ వాడుతున్నవారు అతిమధురం ఎక్కువ కాలం తీసుకొనరాదు. అది రక్తపు పోటును పెంచి, రక్తంలో పొటాషియంను తగ్గిస్తుంది. రోగనిరోధక శక్తిని పెంచుతాయని ప్రచారమయ్యే లేహ్యాలను, అశ్వగంధను కూడ వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టరాదు. శరీరం తనపై తానే తిరగబడిన వ్యాధిలో ఆ శక్తిని రెచ్చగొట్టడం మేలు కాదు. పాదరసం, సీసం చేరిన మందులను తెలిసీ తెలియక వాడరాదు. ముక్క పరీక్షకు ముందు వెల్లుల్లి, పసుపు గొట్టాలు వాడుతుంటే శస్త్రవైద్యునికి తెలపండి. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు.

నూనె విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పసిబిడ్డల ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తున్న బిడ్డకు ఆముదం పోయడం మన ఇళ్ళలో నేటికీ ఉన్నది. ఆ నూనె పొరబోయి ఊపిరితిత్తిలో చేరితే అదే ఒక నీడగా, మానని నెమ్ముగా మారుతుంది. నస్యకర్మ పెద్దలకు, వైద్యుని ఎదుట చేయవలసినది. ఇంట్లో పిల్లలకు చేసేది కాదు. అట్లాగే స్కాన్‌లో తిత్తులు ఉన్నవారు కపాలభాతి, భస్త్రిక వంటి బలమైన శ్వాసక్రియలు మానాలి. నెమ్మదిగా నడక, మెల్లని దీర్ఘశ్వాస చాలు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

దగ్గులో రక్తం పడినా, పడుకొని ఉన్నప్పుడు ఆయాసం వచ్చినా, ముఖమూ మెడా ఉబ్బినా, కారణం లేకుండా బరువు వేగంగా తగ్గినా, మెడలో బిళ్ళలు గట్టిపడి కదలకుండా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు వారాలు దాటిన ప్రతి దగ్గుకూ తెమడ పరీక్ష చేయించాలి. సాధు వ్యాధి అని తేలిన తరువాత కూడ వైద్యుడు చెప్పిన గడువులో స్కాన్ తీయించుకొనాలి. ఈ వ్యాధులలో కొన్ని, ముఖ్యంగా షోగ్రెన్ వ్యాధితో కలిసినవి, ఏళ్ళ తరువాత లింఫోమాగా మారే అవకాశం ఉన్నది. సాధువు అన్న మాటకు పట్టించుకొనకపోవచ్చునని అర్థం కాదు.

క్షయ మందులు మొదలుపెట్టి రెండు నెలలైనా దగ్గు, జ్వరం, బరువులో మార్పు లేకపోతే, తెమడలో క్రిమి ఎన్నడూ కనిపించకపోతే, మందులు మానక ముందే వైద్యుని ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, ఇది క్షయ అని ఏ పరీక్షలో తేలింది?" ఈ ప్రశ్న అడగడం అవిధేయత కాదు. మంచి వైద్యుడు దీనికి సంతోషంగా సమాధానం చెబుతాడు. సమాధానం లేకపోతే తదుపరి పరీక్షకు తానే దారి చూపుతాడు. రోగికి ముందుగా కావలసినది మందు కాదు, తన వ్యాధికి నిజమైన పేరు.

సర్వే సంతు నిరామయాః.